అరవై నాలుగు పడకలు

బోర్డుకి బొబ్బలెక్కాయి. ఎనిమిదడుగుల రేకు మీద నాలుగు పూతలు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చుంటే పాపం అది మాత్రం ఏం చేస్తుంది! ఎండకు లోపలి రంగు ఊపిరాడక పైకి తన్నింది.

"దీని మీద ఇంకో పూత వేస్తే ఆరు నెలలు కూడా ఆగదు. రేకు దాకా గీకాల్సిందే," అన్నాడు పెయింటరు నిచ్చెన మీంచి.

"గీకుతావో నాకుతావో నీ ఇష్టం. ఒకటో తారీకు పొద్దున్నకి కొత్త పేరు కనపడాలి," అన్నాడు కింద నుంచున్న మేనేజరు. ముప్పై నిండని మనిషి, మెడలో టై. ఆ టై ముడి మీద పెట్టిన శ్రద్ధలో సగం పెట్టినా పెయింటరుకి ఓ 'మీరు' దక్కేది.

రాబోయేది అయిదో పేరు. పక్షవాతం వచ్చినవాళ్లనూ తుంటి విరిగినవాళ్లనూ పెద్దాసుపత్రి నుంచి తెచ్చుకుని, లేచి నడిచేదాకా ఉంచుకునే నర్సింగ్ హోమ్ అది. పందొమ్మిదేళ్లలో నాలుగు కంపెనీల చేతులు మారింది. నాలుగు పేర్లూ రాసింది ఇతనే. అయిదో తరగతి మధ్యలో పలక పక్కనబెట్టి కుంచె పట్టినవాడు. ఊళ్లో సగం కంపెనీలకు పేరు పెట్టింది తన చెయ్యే అయినా, తన పేరు మాత్రం ఏ గోడ మీదా లేదని ఓ కడుపుమంట. దాన్ని చల్లార్చుకోడానికి ఓ గొప్ప. "ముప్పై ఏళ్లలో నా చేతి కింద ఒక్క తప్పు పడలేదు. చదువుకున్నోళ్లు తప్పులు రాసిస్తారు, చదువులేనోణ్ని నేను దిద్దుతాను," అంటాడు, అడిగినవాడితోనూ అడగనివాడితోనూ.

బోర్డు దింపించి వెనక పెరట్లో, ఉతికిన దుప్పట్లు ఆరేసే తీగల పక్కన, రెండు బల్లల మీద పడుకోబెట్టాడు. రంగు కరిగించే మందు పాత కుంచెతో పూసి, అది ముడతలు పడేదాకా బీడీ కాల్చుకుని, వెడల్పాటి బ్లేడు పట్టుకున్నాడు. ఎప్పుడూ కుడి చేతి వైపు అడుగు మూలనుంచి మొదలుపెడతాడు. అక్కడ అందరికంటే చిన్న అక్షరాలుంటాయి. చిన్నవాటితో తేలిపోతే పెద్దవి వాటంతటవే లొంగుతాయని అతని లెక్క.

అడుగు వరుసలో ఉన్నది ఒకటే ముక్క. పడకల సంఖ్య: 64.

ముందు నాలుగో కంపెనీ వారి మెరూన్ రంగు లేచింది. దాని కింద మూడో కంపెనీ ఆకుపచ్చ. అందులోనూ 64. దాని కింద రెండో కంపెనీ నీలం. అందులోనూ 64. బ్లేడు తిరగేసి మెల్లిగా నూకాడు. మొదటి కంపెనీ తెలుపు బయటపడింది. అందులో నల్లగా 46.

చెయ్యి ఆగింది.

గోరుతో ఆ 46 అంచు తడిమాడు. అక్కడ రంగు పక్కదానికంటే కాస్త మందంగా ఉంది, చొక్కాకి వేసిన మాసికలాగా. ఆ మాసిక కిందేముందో అతనికి తెలుసు. తెలిసినా గీకాడు. తెల్లపూత చెక్కు లేచిపోయింది. అడుగున, రేకుని అంటిపెట్టుకుని, తన పడుచుతనపు చేతిరాత. 64.

అది తను చేసిన తప్పు. ముప్పై ఏళ్లలో ఒకే ఒకటి.

చివరి వరుస కుడి అంచుకి సమంగా రావాలని, అట్టలో కత్తిరించిన అక్షరాలను ఆ అంచు నుంచి వెనక్కి పేర్చుకుంటూ వచ్చాడా రోజు. కాగితంలో ముందు 4 ఉంది గదాని ముందు దాన్నే పెట్టాడు, అదీ కుడి చివర. తర్వాత దాని ఎడమన 6 పెట్టాడు. నలభై ఆరు కాస్తా అరవై నాలుగయి కూర్చుంది. మర్నాడు కంపెనీ తాలూకు మనిషెవరో వచ్చి బోర్డుకి ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. ఆ మర్నాడు పెద్ద నర్సమ్మ తలెత్తి చూసి, "ఏం నాయనా, మిగతా పద్దెనిమిది మంచాలు మీ ఇంటి నుంచి పంపిస్తావా?" అని నవ్వింది. అతను గబగబా నిచ్చెనెక్కి దిద్దేశాడు. అది తప్పని తెలిసినవాళ్లు ముగ్గురు. పెద్ద నర్సమ్మ పోయి ఏడేళ్లయింది. మిగిలింది తనూ, అప్పుడే ఆయాగా చేరిన తన అక్కా.

పెయింటరు బోర్డు పక్కనే కూలబడ్డాడు. తను దిద్దిన తర్వాత బోర్డు మీద అయిదేళ్లపాటు 46 ఉంది. లోపల మంచాలూ నలభై ఆరే ఉన్నాయి. మరి రెండో కంపెనీవాడు పంపిన కాగితంలోకి 64 ఎక్కణ్నుంచి వచ్చింది?

దురదగుంటాకు రాసుకున్నట్టు ఆ ప్రశ్న ఇక అతన్ని కూర్చోనివ్వలేదు.

*

సాయంత్రం అక్క డ్యూటీ దిగి వచ్చింది. వంటగది గుమ్మం ఇద్దరు మనుషులు పక్కపక్కనే పట్టేంత వెడల్పు. అయినా అక్క దాంట్లోంచి పక్కకి తిరిగే వస్తుంది, ముందు కుడి భుజం, తర్వాత తను. వార్డులో మంచానికీ మంచానికీ మధ్య జానెడు సందులో అలా నడిచీ నడిచీ ఒళ్లే ఆ వాటానికి వచ్చేసింది. "వచ్చిందండీ పీత," అని వెక్కిరించడం అతనికి అలవాటు. ఆవేళ నోరు రాలేదు.

"ఏరా, నాలిక ఆరేసొచ్చావా?" అంటూ అక్క పీట మీద కూలబడి, జాకెట్టులో మడిచి పెట్టుకున్న కాగితం తీసిచ్చింది. "గోడకి అంటించిందే తలా ఒకటి ఇచ్చారు. చదువు."

ఒకటో తారీకు నుంచి కొత్త కంపెనీ. పదేళ్ల సర్వీసు దాటినవాళ్లు చట్టప్రకారం కొనసాగుతారు. మిగతావాళ్లు సెలవు పుచ్చుకుని, ఇష్టమైతే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అడుగున అక్క పేరు, పక్కన సర్వీసు: మూడేళ్ల రెండు నెలలు.

"మూడేళ్లేంటే? నువ్వు చేరి పందొమ్మిదేళ్లు కదా!"

"కంపెనీ మారినప్పుడల్లా కొత్తగా చేరినట్టు సంతకం పెట్టించుకున్నారుగా. మొత్తం ముప్పై ఒక్క మందిమి. పదేళ్లు నిండినోళ్లు ఎంతమందో తెలుసా? గుండుసున్నా. పదేళ్లు నిండకుండానే పేరు మారుతుంది, మరి నిండేదెలా?" అక్క మోకాళ్లు ఒత్తుకుంది. "నాకు యాభై ఆరు. మళ్లీ దరఖాస్తు పెడితే ఆ టై అబ్బాయి నా నడుం వంక చూసి నవ్వుతాడు."

"అందరూ ఒకడేనేమోనే."

"ఎవరు?"

"ఆ నాలుగు కంపెనీలూ."

బోర్డు కింద బయటపడింది చెప్పాడు. అక్క వింటూ వింటూ కాళ్లు ఒత్తుకోవడం మానేసింది. "రెండో కంపెనీ వచ్చిన నెలకి లారీలో పద్దెనిమిది మంచాలు దిగాయి," అంది నెమ్మదిగా. "వార్డులు అవే, కిటికీలు అవే, మేమూ అంతమందిమే. 'పైనుంచి చెప్పారు, ఫైల్లో అరవై నాలుగుంది, అరవై నాలుగుండాలి' అన్నారు."

ఆ మాటకి పెయింటరు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అక్క లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది, పక్కకి తిరిగే.

మూలన ఇనప ఊచకి ముప్పై ఏళ్ల కాగితాలు గుచ్చి ఉన్నాయి. ఏ బోర్డుకైనా పార్టీ ఏం రాసిచ్చాడో ఆ కాగితం అతను పారెయ్యడు. రేపు ఎవడైనా వచ్చి, 'తప్పు రాశావు, డబ్బివ్వను' అంటే మొహాన కొట్టడానికి. దాన్ని కవచం అంటాడు. ఆ ఊచ నుంచి నాలుగు కాగితాలు ఏరాడు. నాలుగు కంపెనీలు, నాలుగు ముద్రలు, నాలుగు చిరునామాలు. రెండో దాంట్లో 64, మూడో దాంట్లో 64, నాలుగో దాంట్లో 64.

మొదటి దాంట్లో కొట్టొచ్చినట్టు 46.

ఆ ఒక్కటీ మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. మిగతా మూడూ బల్ల మీద పెట్టాడు.

*

మంగళవారం మేనేజరు గది ముందు నిలబడి అడిగాడు. "సార్, ఈ అరవై నాలుగు అనే లెక్క మీకు ఎవరిచ్చారు?"

"పై ఆఫీసు ఫైల్లో ఉంది."

"వాళ్లకెవరిచ్చారు?"

"అంతకు ముందు ఫైల్లో ఉంది."

"మంచాలు ఎవరైనా వచ్చి లెక్కపెట్టారా, కొనేముందు?"

మేనేజరు మొదటిసారి తలెత్తి సరిగ్గా చూశాడు. "నువ్వు పెయింటరువా, ఇన్స్పెక్టరువా? వెళ్లి గీక్కో."

బుధవారం పని ఎగ్గొట్టి కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లాడు. అక్కడి గుమాస్తా కళ్లజోడుకి తాడు కట్టి మెళ్లో వేసుకునే ఆడమనిషి. నోటీసు, మూడు కాగితాలు చూసింది. కంప్యూటర్లో ఏదో వెతికింది. ఆమె ముక్కు చివరికి జారిన కళ్లజోడులోంచి చూస్తుంటే అతను బల్ల అంచు మీది పెచ్చు గీకుతూ కూర్చున్నాడు.

"నాలుగు కంపెనీలకీ పైన ఇంకో కంపెనీ ఉంది. దాని పైన ఇంకోటి. ఆ పైన ఓ ప్రైవేటు ఫండు ఉన్నట్టుంది. ఆ తర్వాత తలుపు మూసేసి ఉంది," అంది.

"ఫండు అంటే ఏంటమ్మా?"

"ఓ పెద్ద గంగాళం అనుకోండి. ఉన్నోళ్లు తలా ఇంత డబ్బు తెచ్చి పోస్తారు. గరిటె ఒకడి చేతిలో ఉంటుంది. ఆ డబ్బుతో వాడు ఆసుపత్రులు కొంటాడు, స్కూళ్లు కొంటాడు, అమ్ముతాడు. పోసిందెవరు, గరిటె ఎక్కడెక్కడ తిరిగింది, ఎవరికెంత వడ్డించారు, ఇవేవీ బయటికి చెప్పక్కర్లేదు. మార్కెట్లో షేర్లు అమ్ముకునే కంపెనీ అయితే ఏటా లెక్కలు అచ్చేసి బయట పెట్టాలి. వీళ్లకి ఆ బాధ లేదు."

"మా అక్క ఎవరికింద పని చేస్తోందో మా అక్కకి తెలియక్కర్లేదా?"

"ఇప్పటి చట్టం ప్రకారం, లేదు. నాలుగింటికీ యజమాని ఒకడేనని తేలితే పందొమ్మిదేళ్లూ ఒకే సర్వీసు. అప్పుడు ఆమెను కదపలేరు. కానీ తేల్చేదెలా? అడిగే హక్కు నాకే లేదు." కళ్లజోడు దించింది. "ఫండులన్నీ లెక్కలూ ఆస్తులూ జనానికి కనపడేలా ప్రకటించాలని ఓ బిల్లు పెట్టారు. ఇంకా చట్టం కాలేదు. దానిమీద చట్టసభ సభ్యుల సంఘం ఊరూరా తిరిగి అభిప్రాయాలు వింటోంది. రేపు టౌన్‌హాల్లో. ఎవరైనా మాట్లాడొచ్చు, మూడు నిమిషాలు."

"ఎవరైనా అంటే? నాలాంటోడు కూడానా?"

"మీలాంటోళ్లు రారు కాబట్టే వాళ్లు ఎవరైనా అని రాస్తారు," అంది గుమాస్తా, నవ్వకుండా.

ఇంటికెళ్లి చెబితే అక్క గిన్నె దించి పెట్టింది. "వద్దురా. కొండని తవ్వబోయి పలుగు పోగొట్టుకుంటావు. ఎవరో ఒక్క కంప్లయింటు చేస్తే మిగతావాళ్లందరికీ మళ్లీ దరఖాస్తు కాగితం కూడా ఇవ్వరు."

"అయితే నోరుమూసుకుని కూచోమంటావా?"

"నేను మటుకు రాను. రేపు నాకు పగటి డ్యూటీ." అతని చేతిలోని కాగితాలు లెక్కపెట్టి అడిగింది. "నర్సింగ్ హోమ్‌వి నాలుగు కాగితాలుండాలే. మూడే ఉన్నాయి?"

"ఒకటి ఎలకలు కొట్టేశాయి."

అక్క అతని జేబు వంక చూసింది.

*

టౌన్‌హాలు గుమ్మం దగ్గర కూర్చున్న ఉద్యోగి ఓ ఫారం ఇచ్చాడు. 'హోదా' అన్న గడిలో పెయింటరు 'బోర్డులు రాసేవాణ్ని' అని, బోర్డుకి రాసినంత ముచ్చటగా రాశాడు. ఉద్యోగి ఆ దస్తూరీ చూసి, "ఇది మీరే రాశారా!" అని కుర్చీ చూపించాడు. ఆ రోజుకి దొరికిన మొదటి మర్యాద అది.

వేదిక మీద అయిదుగురు సభ్యులు. మధ్యలో అధ్యక్షురాలు, నెరిసిన జుట్టు ముడి, ముందు ఓ చిన్న గంట. ఫండుల తరఫున వచ్చిన వకీలు మాట్లాడుతున్నాడు. గొంతు నూనె పోసిన తలుపులా ఉంది, ఎక్కడా కిర్రుమనదు.

"లెక్కలు చెప్పం అని మేం అనడం లేదు మేడం. ప్రభుత్వం నియమించిన అధికారికి, మూసిన కవరులో, తప్పకుండా ఇస్తాం. కానీ బిల్లులో పదకొండో క్లాజు 'ప్రజలందరికీ' అంటోంది. పెట్టుబడి పెట్టినవారి గోప్యత ఏం కావాలి? పైగా మామూలు జనానికి ఈ లెక్కలు అర్థం కావు. అర్థం కాని అంకెలు చూస్తే కంగారు పడతారు. అధికారి చూస్తాడు, చాలు."

పెయింటరు వంతు వచ్చింది. మైకు అతని గడ్డం దాకా లేదు. వంగాడు.

"అమ్మా, నేను బోర్డులు రాస్తాను. ఆ సారు చెప్పింది మా భాషలో చెప్పాలంటే, బోర్డు రాసెయ్, కానీ మొహం గోడవైపు తిప్పి తగిలించు అన్నట్టుంది. అలా తగిలించడానికైతే రాయడం ఎందుకు, రంగు దండగ."

వెనక కొందరు నవ్వారు. అధ్యక్షురాలు కూడా పెదవి బిగబట్టింది. అతనికి ధైర్యం వచ్చి, నర్సింగ్ హోమ్ సంగతి, నాలుగు పేర్ల సంగతి, పదేళ్లు నిండని ముప్పై ఒక్క మంది సంగతి చెప్పి, మూడు కాగితాలు బల్ల మీద పెట్టాడు.

"మూడింట్లోనూ అరవై నాలుగు పడకలు," అందామె చూసి. "ఉన్నవి ఎన్ని?"

"అరవై నాలుగేనమ్మా."

"మరి ఇందులో వింతేముంది?"

గడియారం ముల్లు కదులుతోంది. ముప్పై ఏళ్లు ఇంటింటా చెప్పుకున్న గొప్ప ఇప్పుడు అతనికే అడ్డం పడింది. లోపలి జేబు మీద చెయ్యి దానంతటదే వెళ్లి ఆగింది. వింత ఉన్న కాగితం ఒక్కటే. అది చూపిస్తే తప్ప మిగతా మూడూ చిత్తుకాగితాలు.

మడత విప్పి పెట్టాడు. పక్కన, గీకిన బోర్డుకి ఫోనులో తీసి అచ్చేయించిన ఫోటో పెట్టాడు.

"ఇది మొదటి కంపెనీ ఇచ్చింది. నలభై ఆరని ఉంది. నేను అరవై నాలుగని రాశాను. తప్పు నాది. వెనక నుంచి పేర్చుకుంటూ వచ్చి తారుమారు చేశాను. రెండు రోజులు అలా ఉంది, మూడో రోజు దిద్దాను. ఆ తర్వాత అయిదేళ్లు బోర్డు మీద నలభై ఆరే. లోపలా నలభై ఆరే. ఈ రెండో కంపెనీ ఎవరో కొత్తవాళ్లు, మొదటి కంపెనీకి ఏమీ కారు అన్నారు. మరి నా తప్పు వాళ్ల కాగితంలోకి ఎలా వచ్చిందమ్మా? ఆ రెండ్రోజుల్లో ఫోటో తీసుకుపోయినవాడి సొరుగులోంచి తప్ప ఇంకెక్కణ్నుంచీ రావడానికి వీల్లేదు."

పక్క సభ్యుడు ఫోటో లాక్కుని చూశాడు. వకీలు లేచాడు, తొందరేం లేకుండా. "కంపెనీ అమ్మినప్పుడు ఫైళ్లు కూడా ఇస్తారు మేడం. పాత ఫోటో ఫైల్లో వచ్చి ఉంటుంది. దాన్నిబట్టి యజమాని ఒకడే అనడం, పాపం, పెయింటరుగారి ఊహ. పైగా ఈయన తప్పు రాశానని ఈయనే అంటున్నారు. ఆ రెండు రోజుల ముచ్చటకి సాక్ష్యం ఏది?"

అధ్యక్షురాలు గంట మీద చెయ్యి వేసి, మోగించకుండా అడిగింది. "చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"ఒకావిడ పోయింది," అన్నాడు పెయింటరు. ఇంకొకరి పేరు చెప్పలేక తల దించుకున్నాడు.

వెనక వరుసలో కుర్చీ చప్పుడైంది. వరుసల మధ్య దారి రెండు బారలు ఉంది. ఆ దారిలో ఆయా దుస్తుల్లో ఓ మనిషి పక్కకి తిరిగి, కుడి భుజం ముందు పెట్టి నడుచుకుంటూ వచ్చింది.

"నేను చూశాను. నేను ఇతని అక్కని. డ్యూటీలో ఉండగా గంట సెలవు అడిగితే ఇవ్వలేదు, చెప్పకుండా వచ్చాను," అంది. మైకు ఆమెకి చెవి దగ్గరికి వచ్చింది. ఆమె దాన్ని పట్టించుకోలేదు. వకీలు వంక తిరిగింది. "బాబూ, ఫైల్లో వచ్చి ఉంటుందన్నావు. రానియ్. నాకు లెక్కలు రావు, ఒక్క సంగతి చెప్పు. పరాయివాడి దగ్గర దూడని కొనేవాడు దాని నోరు తెరిపించి పళ్లు లెక్కపెడతాడా లేదా?"

"అమ్మా, దానికీ దీనికీ..."

"లెక్కపెడతాడు. మా నర్సింగ్ హోమ్ కొన్నవాడు గుమ్మంలోకి వచ్చి మంచాలు లెక్కపెట్టుకోలేదు. నలభై ఆరు మంచాలున్న ఇల్లు అరవై నాలుగని రాసుకుని కొన్నాడు. మోసపోయానని పోట్లాడాడా? లేదు. మంచాలే తెచ్చి కుక్కాడు. తర్వాత వచ్చినోడూ లెక్కపెట్టలేదు. ఆ తర్వాతోడూ లెక్కపెట్టలేదు. తన దొడ్లో దూడని ఈ గుంజ విప్పి ఆ గుంజకి కట్టుకునేవాడు పళ్లెందుకు చూస్తాడు నాయనా?"

వకీలు నూనె గొంతు మొదటిసారి కిర్రుమంది. "మేడం, ఇది..." అంటూ కాగితాలు సర్దుకున్నాడు. అధ్యక్షురాలు కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆ తర్వాత పక్కనున్న రాతగాడితో, "ఇది మాటకు మాట రాయండి. పదకొండో క్లాజు కింద రాయండి," అంది. "ఆ కాగితాలకి నకళ్లు తీయించండి. నాలుగు కంపెనీల యజమాని ఎవరో రాతపూర్వకంగా చెప్పమని సంఘం తరఫున ఈవేళే ఉత్తరం వెళ్లాలి. జవాబు చెప్పకపోతే, చెప్పలేదన్న సంగతే నివేదికలో వేస్తాం."

అప్పుడు గంట మోగించింది.

*

బయట మెట్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. పెయింటరు బీడీ తీసి మళ్లీ పెట్టేశాడు.

"అక్కా."

"ఊఁ."

"ఆ పద్దెనిమిది మంచాలు... అవి నా వల్ల వచ్చాయే. నేను అంకెలు సరిగ్గా పేర్చుంటే నీకా సందుల్లో..."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"లారీ దిగిన రోజే తెలుసు. పెద్ద నర్సమ్మా నేనూ లెక్కపెట్టాం. పద్దెనిమిది. ఆవిడ నా మొహం చూసింది, నేను ఆవిడ మొహం చూశాను. 'మీ తమ్ముడికి చెప్పకు, చెయ్యి వణుకుతుంది, ఇక నిచ్చెనెక్కలేడు' అంది."

పద్నాలుగేళ్లు. పెయింటరు మెట్టు మీది ఇసక వేలితో ఓ పక్కకి నూకుతూ కూర్చున్నాడు. తను 'పీత' అని వెక్కిరించిన రోజుల్ని లెక్కపెట్టబోయి మానేశాడు.

"నువ్వు అంకె తప్పు రాశావు. మనుషుల్ని మధ్యలో కుక్కమని నువ్వు రాయలేదుగా," అంది అక్క, చీర దులుపుకుని లేస్తూ. "తప్పు కనపడితే నువ్వు మూడో రోజు దిద్దావు. వాళ్లు మంచాలు తెచ్చి దాన్ని నిజం చేశారు. పద, ఆ టై అబ్బాయి నాకోసం గుమ్మంలో నిలబడి ఉంటాడు."

నిలబడే ఉన్నాడు. చెప్పకుండా వెళ్లినందుకు సంజాయిషీ రాసిమ్మన్నాడు. అక్క తమ్ముడి చేత రాయించింది. బోర్డు దస్తూరీతో రాసిన ఆ సంజాయిషీని మేనేజరు రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టుకున్నాడు.

*

శనివారం పొద్దున్న బోర్డు రేకు దాకా శుభ్రమై, మీద తెల్లటి మొదటి పూత ఆరి సిద్ధంగా ఉంది. ఒకటో తారీకుకి ఇంకా మూడు రోజులు. కొత్త పేరు రాసుకోడానికి పెయింటరు సుద్ద దారం లాగి గీతలు కొడుతుంటే మేనేజరు పెరట్లోకి వచ్చాడు. చేతిలో కాగితం.

"రాతలో మార్పుంది, చూసుకోండి," అన్నాడు.

పెయింటరు ఆ 'కోండి' విన్నాడు. విననట్టు కాగితం అందుకున్నాడు. అదే కొత్త కంపెనీ పేరు, అదే చిరునామా. అడుగు వరుసలో మాత్రం 'పడకల సంఖ్య' అని, పక్కన ఖాళీ. బ్రాకెట్లో 'లెక్కించిన పిమ్మట తెలుపబడును'.

"లెక్కించడానికి ఎవరొస్తారు?"

"వచ్చారు. పై ఆఫీసు నుంచి ఇద్దరు. పొద్దున్నే దిగారు." మేనేజరు టై సవరించుకున్నాడు. ముడి కాస్త వంకరగా ఉంది ఆవేళ. "ఆ అంటించిన నోటీసు కూడా ఆపమన్నారు, మళ్లీ చెప్పేదాకా. మీరేం చేశారో గానీ నాకు రెండు రోజులుగా ఫోను ఆగడం లేదు."

"నేనేం చేశాను సార్? గీకమన్నారు, గీకాను."

పెయింటరు పెద్ద వార్డు కిటికీ దగ్గరికి వెళ్లాడు. లోపల సూటు వేసుకున్న ఇద్దరు మంచాల మధ్య పక్కకి తిరిగి, పొట్ట లోపలికి లాక్కుని, ఒకడి వెనక ఒకడు నడుస్తున్నారు. ముందువాడు వేలితో ఒక్కో మంచాన్నీ ముట్టుకుని అంకె పలుకుతున్నాడు. వెనకవాడు రాసుకుంటున్నాడు. తుంటి విరిగిన ముసలాయన ఒకడు, తన మంచం ముట్టుకోగానే, "నన్ను కూడా లెక్కేశారా లేదా?" అని అడిగాడు. వార్డంతా నవ్వింది. సూట్లవాళ్లు నవ్వలేదు. మంచాలు అయ్యాక మనుషుల లెక్క మొదలుపెట్టారు.

అక్క దుప్పటి మడుస్తూ చివరి మంచం దగ్గర నిలబడి ఉంది.

"ఇక్కడ ఎన్నాళ్లుగా చేస్తున్నారు?" అన్నాడు రాసుకునేవాడు.

"పందొమ్మిదేళ్లు."

అతను చేతిలోని పట్టీ చూశాడు. మళ్లీ ఆమెను చూశాడు. "ఇందులో మూడేళ్లని ఉందే."

"అదెలా వచ్చిందో మీ ఆఫీసులో అడగండి," అంది అక్క. "ఎవరిదో ఆ ఆఫీసు, అదీ అడగండి. మేమూ వినాలని ఉంది."

అతను కలం మూసి, జేబులోంచి పెన్సిలు తీశాడు. ఆ 3ని కొట్టెయ్యలేదు. దాని పక్కన మెల్లిగా, అటూ ఇటూ చూసి, ఓ కొంకి గీసి కింద చుక్క పెట్టాడు. కిటికీ బయట నుంచి పెయింటరుకి అది తలకిందులుగా కనిపించినా పోల్చుకున్నాడు. ముప్పై ఏళ్లలో ఎన్ని వేల అక్షరాలు రాసినా ఆ గుర్తు రాసే పని తనకెప్పుడూ రాలేదు. ఏ కంపెనీవాడూ బోర్డు మీద ప్రశ్న పెట్టించుకోడు.

పెరట్లోకి తిరిగొచ్చాడు. కత్తిరించిన అంకెల డబ్బాలోంచి 4ని, 6ని తీసి ఎందుకైనా మంచిదని పక్కన పెట్టుకున్నాడు. మళ్లీ ఆలోచించి రెంటినీ డబ్బాలో వేసేశాడు. పేరు రాశాడు, చిరునామా రాశాడు. 'పడకల సంఖ్య' అని, ఈసారి ఎడమ నుంచి కుడికి, ఒక్కో అక్షరం పేర్చుకుంటూ రాసి, పక్కన రెండు అంకెలు పట్టేంత తెలుపు వదిలేశాడు.